మోసుకొచ్చినవాడికి ఒక ఉత్తరం

మొన్న బుధవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా అపార్టుమెంటు లిఫ్టుకు కొత్త ఇనుప తాడు తెచ్చారు. భిలాయి నెహ్రూ నగర్‌లో మా భవనం పాతది. లిఫ్టు నెలలో పది రోజులు నడవదు. ఇద్దరు మనుషులు పెద్ద చెక్క చక్రానికి చుట్టిన తాడును మెట్ల దగ్గర దించి పైనున్న గోనె విప్పారు. గ్రీజు వాసన, దాని వెనకే తాడు లోపలి నార వాసన, రెండో అంతస్తులో నా గదిలోకి వచ్చాయి. నేను మెల్లగా మెట్లు దిగి వెళ్ళాను. "ఏం కావాలి అమ్మాజీ?" అని వాళ్ళలో పెద్దవాడు అడిగాడు. ఏమీ వద్దని చెప్పి, చక్రానికి అంటించిన చీటీ చదివాను. ఎవరు తయారు చేశారో ఉంది. ఎవరికి చేరాలో ఉంది. ఎవరు మోసుకొచ్చారో లేదు. ఆ మూడోది వెతకడం నాకు ముఖలింగం గారి దగ్గర అబ్బిన అలవాటు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళలో ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ మిగల్లేదనుకుంటాను. మిగిలినంత కాలం వాళ్ళు ఆయన గురించి చెప్పిన మాట ఒకటే: యుద్ధం రోజుల్లో శత్రువుకు ఉత్తరం రాసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి అని. అది అబద్ధం. ఆయన రాసింది శత్రువుకు కాదు. ఎవరి పక్షమూ కాని ఒక ఓడ కెప్టెనుకు. ఆ తేడా ఈ ఊళ్ళో ఎవరూ వినిపించుకోలేదు. వినిపించవలసిన నేను నోరు తెరవలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

భిలాయి-3 స్టేషను పక్కన మా ఆఫీసు ఉండేది. విదేశాల నుంచి ఓడల మీద వచ్చే యంత్రాలను రేవుల్లో విడిపించి, రైలు వ్యాగన్లలో ఇక్కడికి తెచ్చి, మా యార్డులో దించి అప్పగించడం మా కంపెనీ పని. కంపెనీ ఇప్పుడు లేదు, పేరు చెప్పను. యార్డులో ఒక క్రేను, ఆఫీసులో నాలుగు గదులు, నాలుగో గదిలో ఓడల విభాగం. ఆ విభాగానికి అధికారి ముఖలింగం గారు, టైపిస్టును నేను. మా నాన్న రైల్వే గార్డు. టైపు పరీక్ష ప్యాసైన నెలలోపే ఆయనే నన్ను అక్కడ చేర్పించాడు. ముఖలింగం గారిది శ్రీకాకుళం వైపు పల్లె. ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్ళు విశాఖపట్నంలో ఓడల ఏజెంటు దగ్గర పనిచేశారు. సన్నగా, నల్లగా, చొక్కా మెడ బొత్తాం కూడా పెట్టుకుని ఉండేవారు. ఇంగ్లీషు రాత ముత్యాల్లా ఉండేది. మాట మాత్రం ఊరి మాటే. హిందీ కూడా ఆ యాసలోనే మాట్లాడేవారు. కోపం వస్తే ఆ హిందీ కూడా పోయి తెలుగులోకి దిగిపోయేవారు. ఎదుటివాడికి తెలుగు వచ్చా రాదా అని చూసేవారు కాదు.

చేరిన మొదటి వారంలో ఆయన ఒక కవరు నా ముందు పెట్టి చిరునామా రాయమన్నారు. ఒక జర్మనీ ఓడ కెప్టెను పేరు, తర్వాత ఆ ఓడ ఆగబోయే రేవులో ఏజెంటు చిరునామా. లోపల ఆయన చేత్తో రాసిన నాలుగు వాక్యాలు. మీ ఓడ మీద వచ్చిన పద్నాలుగు పెట్టెలు ఫలానా రోజు మా యార్డుకు చెక్కుచెదరకుండా చేరాయి, మీకూ మీ మనుషులకూ కృతజ్ఞతలు అని. ఆఫీసు నియమాల్లో ఇలాంటి ఉత్తరం లేదు. నాకు నవ్వొచ్చింది.

"పోస్టుమాన్‌కి కూడా రాస్తామా సార్, ఉత్తరం అందిందని?"

ఆయన నవ్వలేదు. "రాస్తే తప్పేటమ్మా? పెట్టె చేరిందని పంపినోడికి చెప్తాం. బీమా కంపెనీకి చెప్తాం. కొన్నోడికి చెప్తాం. నెల రోజులు నీళ్ళమీద మోసుకొచ్చినోడికి ఎవులు చెప్తారు? చేరిందో, చెడిందో అనుకుంటూ వాడలగే తిరగాలా?"

ప్రతి ఓడకూ రాసేవారు. పదిమందిలో ఒకరో ఇద్దరో జవాబిచ్చేవారు. ఒక నార్వే కెప్టెను రెండుసార్లు కార్డు పంపాడు. మొదటి దాని మీద మంచు కప్పిన రేవు బొమ్మ ఉంది. ముఖలింగం గారు దాన్ని తన బల్ల ఎదురుగా గోడకు గుచ్చారు. మే నెలలో భిలాయి ఎండకు గది కాలిపోతుంటే దానివైపు చూసి, "కొంచెం చల్లగుందమ్మా ఇప్పుడు" అనేవారు. ఆయన వేసే జోకు అదొక్కటే.

పాత పెద్ద యుద్ధం, అంటే రెండో ప్రపంచ యుద్ధం సంగతి ఆయన ఒకే ఒక్కసారి చెప్పారు. మధ్యాహ్నం టిఫిను డబ్బాలు మూసేశాక, నేనే అడిగితే చెప్పారు. "యుద్ధంలో ఉన్నోళ్ళ ఓడలు దీపాలన్నీ ఆర్పీసి దొంగల్లాగ పోతాయమ్మా. ఎవరితోటీ పేచీ లేని దేశపు ఓడ దీపాలన్నీ వేసుకుని పోతాది. రెండు పక్కలా తన జెండా ఇంతింత రాసుకుంటాది. దాని మీద కూడా దీపం. నేను దాచుకున్నదేటీ లేదు, చూసుకోండి అని. అలాటోడి మీద చెయ్యి వేసినోడు ఎవడైనా సరే, మనోడైనా సరే, వాడు సైనికుడు కాడు." అలాంటి ఒక ఓడ విశాఖ రేవు నుంచి బయల్దేరడం తాను చూశానని, అది అనుకున్న చోటికి చేరలేదని చెప్పారు. ఎవరు ముంచారని అడిగాను. "ఎవరైతేనేటి?" అన్నారు. ఆ ఓడ కెప్టెనుకు సరుకు అందిందని ఉత్తరం రాసే పని ఏజెంటు తనకు అప్పగించాడని, అది రాయక్కర్లేకుండా పోయిందని అన్నారు.

1965 సెప్టెంబరులో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. భిలాయిలో కిటికీలకు నల్ల కాగితాలు అంటించారు. మా క్రేను కోసం తెప్పిస్తున్న ఇనుప తాళ్ళు, నాలుగు చక్రాలు, అప్పటికి ఒక గ్రీసు దేశపు ఓడలో ఉన్నాయి. ఆ ఓడ బొంబాయికి ముందు కరాచీలో ఆగుతుంది. మామూలు రోజుల్లో అది దారిలో మజిలీ, అంతే. ముఖలింగం గారికి ఆ దారి తెలుసు. ఓడ మూడో దేశానిది, సరుకు ఆయుధం కాదు, ముట్టుకోరని నమ్మారు. మేనేజరు తివారీ ముందే అడిగితే అదే మాట రాసి ఇచ్చారు. చదువుకున్నది నిజమని నమ్మడమే ఆయన చేసిన పొరపాటు. కరాచీలో మన చిరునామా ఉన్న సరుకంతా దించేసుకున్నారు. అందులో మా తాళ్ళూ పోయాయి.

ఆయన అంత కోపంగా ఉండటం అప్పుడే చూశాను. "ముందు తుపాకులు పట్టుకుంటాం అంటారు. తర్వాత ఇనుము అంటారు. తర్వాత తాడు, గోనె, బియ్యం. యుద్ధం వచ్చీసేక పట్టీ రాసుకుంటూ పోతే సముద్రమ్మీద ఇంకేటి మిగుల్తాదమ్మా?" అంటూ ఆ పూటే నిరసన ఉత్తరం చెప్పి నా చేత టైపు చేయించారు. నాలుగు ప్రతులు. 'యుద్ధంలో లేని దేశపు ఓడ నుంచి, ఆయుధం కాని సరుకును, బలం ఉంది కదా అని తీసుకోవడానికి భాషలో ఒకే మాట ఉంది, అది దొంగతనం' అన్న వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు. తివారీ దాన్ని నిలబడి అందరికీ చదివి వినిపించాడు. "వాహ్ బాబూజీ! కలం కాదు, ఫిరంగి!" అన్నాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

యుద్ధం ఆ నెలలోనే ఆగింది. పాత తాడు మీదే క్రేను నడుస్తూ ఉంది. అక్టోబరు చివర్లో ఒక ఉదయం తివారీ మిఠాయి పొట్లంతో మా గదిలోకి వచ్చాడు. తూర్పు తీరంలో మన రేవు ఒకదాంట్లో యుద్ధం రోజుల్లో, తూర్పు పాకిస్తానులోని చిట్టగాంగుకు వెళ్ళే ఓడ నుంచి అవతలివాళ్ళ సరుకు దించారట. అందులో ఇనుప తాళ్ళు ఉన్నాయట. మన క్రేనుకు సరిపోయే మందమేనట. రేవులో తివారీకి తెలిసిన మనిషి ఉన్నాడు. ఈ తాళ్ళు మా కంపెనీ ఆర్డరు మీద, మా పేరనే వచ్చాయని ఓడల విభాగం అధికారి సంతకంతో ఒక కాగితం ఇస్తే చాలు, వారంలో యార్డుకు చేరతాయి.

"ఏ ఓడండీ?" అన్నారు ముఖలింగం గారు.

తివారీ పేరు చెప్పాడు. గోడ మీద కార్డు పంపిన నార్వే కెప్టెను ఓడ అది. తివారీ తెచ్చిన రేవు కాగితాల్లో ఆ కెప్టెను రేవువాళ్ళకు రాసిచ్చిన నిరసన కూడా ఉంది. తన ఓడలో సరుకు తన అనుమతి లేకుండా దించారని, దాని యజమానికి తాను జవాబుదారీనని. ముఖలింగం గారు అది రెండుసార్లు చదివారు. తర్వాత సొరుగు లాగి, మేము కరాచీ సంగతి మీద రాసిన ఉత్తరం నకలు తీసి దాని పక్కన పెట్టారు.

"ఊళ్ళ పేర్లు మార్చి మళ్ళీ చదవండి సార్, మొన్న చదివినట్టే. నిలబడి."

"వాళ్ళు తీసుకున్నారు, మనం తీసుకుంటున్నాం. బరాబర్," అన్నాడు తివారీ.

"మన తాడు పట్టుకున్నది వాళ్ళు. ఇప్పుడు మాట పోయేది ఈ నార్వే వాడిది. వాడు మనకేటి చేసేడండీ?"

చివరి మాట తెలుగులో వచ్చింది. తివారీకి తెలుగు రాదు గానీ అర్థమైంది. మిఠాయి పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటికి అందరికీ తెలిసింది. సెక్టర్ 4లో ముఖలింగం గారు బావమరిది క్వార్టరులో ఉండేవారు. ఆ తలుపు మీద ఎవరో సుద్దతో 'గద్దార్' అని, అంటే దేశద్రోహి అని రాశారు. ఆయన భార్య తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ రాశారు. ఆఫీసులో ఆయన వస్తుంటే, "కరాచీ మెయిల్ వచ్చింది భయ్యా" అని ఒకడు అనడం నేను విన్నాను. సెప్టెంబరులో చప్పట్లు కొట్టినవాడే. అవతలివాడు చేసినప్పుడు దొంగతనమైనది మనం చేసేసరికి దేశభక్తి ఎలా అయిందో ఒక్కరూ అడగలేదు.

ఆయన్ను ఎదిరించినవాళ్ళలో నిజంగా మాట్లాడే హక్కు ఉన్నవాడు ఒక్కడే, క్రేను నడిపే అప్పన్న. ముఖలింగం గారి పక్క ఊరివాడే. గ్రీజు చేతులు తుడుచుకుంటూ మా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, తాడు సూసేరా? పోగులు లేచిపోయి ముళ్ళకంపనాగుంది. తెగిందంటే కింద మా తమ్ముడుంటాడు. మీ న్యాయం మంచిదే. తాడుకి న్యాయం తెల్దు కదా."

"తాడుకి తెల్దురా. నీకు తెలుసు కదా. క్రేను ఆపీ."

"ఆపీత్తే మా కూలీ ఎవులిత్తారు బాబూ?"

ముఖలింగం గారు లేచి అప్పన్నతో యార్డుకు వెళ్ళారు. తాడు స్వయంగా తడిమి చూసి, క్రేను ఎక్కే నిచ్చెనకు ఎర్రగుడ్డ కట్టించి, తాడు మార్చేదాకా నడపరాదని కాగితం మీద రాసి సంతకం పెట్టి అక్కడే అంటించారు. అది ఆయన అధికారం కాదు. క్రేను ఆగినన్నాళ్ళ కూలీ ఇప్పించమని తివారీకి ఇంకో కాగితం రాశారు. దానికి జవాబు రాలేదు.

ఆయన యార్డులో ఉన్నప్పుడే తివారీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు. "బేటీ, ఆ ముసలాయన మొండితనంతో ఉద్యోగం పోగొట్టుకుంటాడు. పైఆఫీసు కాగితం అడుగుతోంది. ఆయన సంతకం పెట్టక్కర్లేదు. నువ్వు టైపు చెయ్యి, ఆయన తరఫున అని నువ్వే పెట్టు. రోజూ పెడుతూనే ఉంటావు కదా." నిజమే. చిన్న చిన్న కాగితాల మీద ఆయన పేరు కింద 'తరఫున' అని రాసి నేను సంతకం పెట్టడం ఆఫీసులో మామూలే. మా నాన్న మరుసటి ఏడు రిటైరవుతాడు. అప్పన్న తమ్ముడు ఆ తాడు కింద నిలబడతాడు. ముఖలింగం గారి ఉద్యోగం నిలుస్తుంది. ఇన్ని మంచి కారణాలు నాకు ఒక్క నిమిషంలో దొరికాయి. అన్ని కారణాలు అంత తొందరగా దొరికినప్పుడు అనుమానించాలని అప్పటికి నాకు తెలియదు. టైపు చేశాను. సంతకం పెట్టాను.

తాళ్ళు ఎనిమిదో రోజున వచ్చాయి. చక్రాల మీద చిట్టగాంగు చిరునామాను తారుతో కొట్టేశారు గానీ కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ముఖలింగం గారు వాటి చుట్టూ ఒకసారి తిరిగారు. రైలు కాగితాలతో కుట్టి వచ్చిన నా పత్రం చదివారు. గదిలోకి వచ్చి కూర్చున్నారు.

"మీ ఉద్యోగం పోతుందని సార్..." అన్నాను.

"నీ పేరు మీద రాసుంటే నువ్వు చేసిన తప్పయ్యేదమ్మా. నా పేరు మీద రాసేవు. ఇప్పుడు అబద్ధమాడినోణ్ణి నేను." కోపంగా అనలేదు. ఎక్కిన సరుకు దిగిన సరుకు సరిచూసి చెప్పినట్టు చెప్పారు.

తర్వాత కాగితం తీసుకుని ఉత్తరం రాశారు. నాలుగు వాక్యాలే, ఎప్పటి పద్ధతిలోనే. మీ ఓడ మీద వచ్చిన ఇనుప తాళ్ళు, చక్రాలు ఆరు, ఫలానా గుర్తులతో, ఈ రోజు మా యార్డుకు చెక్కుచెదరకుండా చేరాయి. అవి మావి కావు. మావని చెప్పే పత్రం మీద నా పేరు ఉంది, అది అబద్ధం. మీ నిరసన సరైనది. కింద సంతకం. మడిచి, ఎప్పటిలాగే కవరు నా ముందు పెట్టారు.

"చిరునామా రాస్తావా? వద్దంటే నేను రాస్తాను."

రాశాను. ఆ రోజుల్లో నేను చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది అదొక్కటే. దాన్ని కూడా చివరిదాకా నిలబెట్టుకోలేదు.

ఫిబ్రవరిలో ఆ ఉత్తరం నకలు తిరిగి వచ్చింది. ఓడ యజమానులు దాన్ని నిరసనతో జతచేసి రేవువాళ్ళకు పంపితే, అది పైఆఫీసు మీదుగా తివారీ చేతికి చేరింది. తివారీ దాన్ని పట్టుకుని మా గదిలోకి వచ్చాడు. ఈసారి నిలబడి చదవలేదు. "దీని సంగతి నీకు తెలుసా?" అని నన్ను అడిగాడు. నేను నేల చూపులు చూస్తూ తెలియదన్నాను. ముఖలింగం గారు తల ఎత్తకుండానే, "ఆ అమ్మాయికి తెలీదండి" అన్నారు. అబద్ధం ఆడనని అంత దూరం వెళ్ళిన మనిషి నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అదీ నా కోసం.

మూడో రోజుకల్లా ఆయన్ను తీసేశారు. గోడ మీది కార్డు ఊడదీసుకుని, టిఫిను డబ్బాతో వెళ్ళిపోయారు. ఆయన సొంత ఊరికి రైలెక్కిన రోజు వీడ్కోలు చెప్పడానికి ఎవరూ స్టేషనుకు వెళ్ళలేదు. మా ఇల్లు స్టేషనుకు ఫర్లాంగు దూరం, నేనూ వెళ్ళలేదు. మార్చిలో ఆయన కుర్చీ నాకిచ్చారు. కొత్త తాడు ఆరేళ్ళు పనిచేసింది. అప్పన్న తమ్ముడు క్షేమంగా రిటైరయ్యాడు. ఆ తాడు వల్ల మేలు జరగలేదని నేను అనలేను. అయినా అది మాది కాదు.

ఆ వేసవిలో ఆఫీసుకు ముఖలింగం గారి పేర ఒక కార్డు వచ్చింది. నార్వే కెప్టెను రాసినది. 'మీ ఉత్తరం అందింది. సరుకు ఎక్కడుందో దాని యజమానికి తెలియజేశాను. యుద్ధంలో ఇలాంటి ఉత్తరం నాకు ఎవరూ రాయలేదు.' దాన్ని నా సొరుగులో రెండు వారాలు ఉంచుకున్నాను. పంపితే దాంతోపాటు ఏదో రాయాలి, రాయడానికి మాట దొరకలేదు. చివరికి ఒక్క మాటా రాయకుండా కార్డును కవరులో పెట్టి ఆయన ఊరికి పంపాను.

పది రోజులకు జవాబు వచ్చింది. అదే చేతిరాత. 'సుగుణమ్మ గారికి, మీరు పంపిన కార్డు ఈ రోజు చెక్కుచెదరకుండా చేరింది. మీకు కృతజ్ఞతలు.' అంతే. ఆయన నన్ను 'గారు' అనడం, 'మీరు' అనడం అదే మొదలు, అదే ఆఖరు. క్షమించారో లేదో అందులో లేదు. దాన్ని వందసార్లు చదివాను, దొరకలేదు. నన్ను మోసుకొచ్చినవాళ్ళ వరసలో నిలబెట్టారని మాత్రం తెలుసు. నాలుగేళ్ళ తర్వాత ఆయన పోయారని ఆయన భార్య ఎవరిచేతో రాయించారు. దానికి నేను జవాబు రాశాను. నాకు తెలిసిందంతా, నా సంతకం సంగతితో సహా. ఆవిడ చదివించుకున్నారో లేదో తెలియదు.

ఆ తర్వాత ఇంకొకరి తరఫున నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఇంట్లో పిల్లల బడి కాగితాల మీద కూడా, వాళ్ళ నాన్న ఊళ్ళో లేకపోతే, వచ్చేదాకా ఆగమనేదాన్ని. ఓడ కెప్టెన్లకు ఉత్తరాలు మాత్రం ఆ కుర్చీలో ఉన్నంతకాలం రాశాను. ఈమధ్య పేపర్లో ఎవరెవరి యుద్ధాల మధ్యనో సరుకు ఓడలు కాలిపోతున్న ఫోటోలు వేస్తున్నారు. కింద ఏ దేశం దెబ్బతీసిందో రాస్తారు, సరుకు విలువ రాస్తారు. ఓడ నడిపినవాళ్ళ పేర్లు వెతుకుతాను. ఉండవు.

లిఫ్టువాళ్ళు మధ్యాహ్నానికి పని ముగించి సంతకం కోసం నా దగ్గరికి వచ్చారు. ఈ నెల అపార్టుమెంటు కార్యదర్శి ఊళ్ళో లేడు, ఎవరైనా పెట్టొచ్చన్నారు. ఆయన వచ్చాక పెట్టించుకోమన్నాను. ఈ తాడు ఎవరు తెచ్చారని అడిగాను. "లారీ వాడు అమ్మాజీ. పేరు ఎవరికి తెలుసు?" అన్నాడు పెద్దవాడు.

సరుకు చేరిందని ఓడ కెప్టెనుకు ఇప్పుడు ఎవరూ ఉత్తరం రాయరు.